సంఘానికి గ్రేడు ఉంది, సాయానికి ఏదీ?

సంపాదకులకు నమస్కారం.

కలిగినవాళ్లు పేద కుటుంబాలను దత్తత తీసుకుని ఆదుకోవాలని రాష్ట్ర ప్రభుత్వం తెచ్చిన పీ4 పథకం మీద మీ పత్రికలో వస్తున్న వార్తలు, పాఠకుల ఉత్తరాలు వరసగా చదువుతున్నాను. సాయం చేసే మార్గదర్శులు ఎంతమంది ముందుకొచ్చారు, బంగారు కుటుంబాలని పిలిచే ఆ పేద కుటుంబాలను ఎన్నిటిని దత్తత తీసుకున్నారు, ఏ జిల్లా ముందుంది, ఏది వెనకబడింది అన్న అంకెల చుట్టూనే చర్చంతా నడుస్తోంది. పథకం మంచిదా చెడ్డదా అని తేల్చే పని నేను పెట్టుకోలేదు. పేద కుటుంబానికి చేసిన సాయం సరిగ్గా జరిగిందా లేదా అని చెప్పడానికి ముందే రాసిపెట్టుకున్న కొలత ఒకటి ఉండాలి కదా, అదెక్కడుంది అని అడగడానికే ఈ ఉత్తరం.

నా సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. మాది విజయనగరం జిల్లా. ప్రపంచ బ్యాంకు అప్పుతో 2000లో పేదరిక నిర్మూలనకు వెలుగు ప్రాజెక్టు మొదలైన ఆరు జిల్లాల్లో మాదీ ఒకటి. ఊళ్లో మహిళా పొదుపు సంఘాలకు లెక్కల పుస్తకాలు రాసే పనిలో చేరాను. తరవాత ఊరి సంఘాలన్నీ కలిసిన గ్రామ సమాఖ్య లెక్కలు, ఆపైన మండల సమాఖ్య లెక్కలు చూశాను. ఆఫీసు బోర్డు మీద ప్రాజెక్టు పేరు ప్రభుత్వాన్ని బట్టి మారుతూ వచ్చింది. పుస్తకాలు మాత్రం అవే. ఇప్పుడు ఆ పని మానేసి ఇంటిపట్టున ఉంటున్నాను.

డ్వాక్రా సంఘమంటే తెలియని తెలుగువాళ్లు లేరు గానీ, సంఘానికి గ్రేడింగు ఎలా చేస్తారో బయటివాళ్లు అంతగా ఎరగరు. పంచసూత్రాలని ఉన్నాయి. క్రమం తప్పకుండా సమావేశం, క్రమం తప్పకుండా పొదుపు, అంతర్గత అప్పులు, వాయిదాల చెల్లింపు, సక్రమంగా రాసిన పుస్తకాలు. ఈ అయిదింటికీ మార్కులుంటాయి. కోతల రోజుల్లో ఇద్దరు ముగ్గురు మీటింగుకు రాలేకపోతే మార్కు పోతుంది. తీర్మానం కింద ఒక సంతకం తగ్గితే మార్కు పోతుంది. ఎ గ్రేడు సంఘం బ్యాంకుకు వెళితే మేనేజరు కుర్చీ చూపిస్తాడు, సి గ్రేడు సంఘం వెళితే గుమాస్తా మళ్లీ రమ్మంటాడు. వేలిముద్ర వేసే ఆడవాళ్లను ఇంత గట్టిగా కొలిచాం. దాన్ని నేను తప్పు పట్టను. 1992లో నాబార్డు 500 సంఘాలతో ప్రయోగంగా మొదలుపెట్టిన బ్యాంకు లింకేజీ, అంటే సంఘాలకు బ్యాంకులు అప్పులిచ్చే పద్ధతి, ఇవాళ దేశమంతా పాకిందంటే ఆ క్రమశిక్షణే ముఖ్య కారణం.

మరి అదే ఊరికి కుట్టుమిషన్లు తెచ్చిన ట్రస్టుకు ఎవరు గ్రేడు వేశారు? మేకలు పంచిన కంపెనీకి? అమెరికా నుంచి సొంతూరి మీద ప్రేమతో డబ్బు పంపించే మన పిల్లలకు? ప్రభుత్వ శాఖలకు? మీటింగుకు రాని సభ్యురాలి పేరు మా పుస్తకంలో ఎర్రసిరాతో ఉంటుంది. ఆరు నెలల శిక్షణ అని చెప్పి మూడో నెలలో కనిపించకుండా పోయిన సంస్థ పేరు ఏ పుస్తకంలోనూ ఉండదు.

గేదె సంగతి చెబితే ఇదంతా తేలిగ్గా అర్థమవుతుంది. పేదరికం పోగొట్టడానికి మనదేశంలో గేదెకున్నంత చరిత్ర మరే సాయానికీ లేదు. పేదలకు సబ్సిడీ మీద అప్పిచ్చి ఆస్తి కొనిపించే ఐఆర్‌డీపీ పథకం 1980 అక్టోబరు 2 నుంచి దేశంలోని బ్లాకులన్నిటిలోకీ వచ్చింది, 1999 ఏప్రిల్ 1న స్వర్ణజయంతి పథకంలో కలిసిపోయింది. ఆ మధ్యకాలంలో సబ్సిడీ గేదె రాని వాడ మా ప్రాంతంలో అరుదు. సంతలో దళారీ చూపించిన గేదె ఒకటి, ఇంటికొచ్చిన గేదె ఒకటి అని మా అమ్మ ఇప్పటికీ నవ్వుతూ చెబుతుంది. ఒకే గేదె నలుగురి ఫొటోల్లో నిలబడి నాలుగు లోన్లు ఇప్పించిన కథలు పెద్దవాళ్లలో ఎవరినడిగినా చెబుతారు. సరే, అది మోసం, దాన్ని పట్టుకోవడం తేలిక. మోసం ఏమీ లేకుండా, నిజాయితీగా, మంచి జాతి గేదెను ఇచ్చినా సాయం ఎలా చెడిపోతుందన్నదే నాకు ముఖ్యం.

కొన్నేళ్ల కిందట మా మండలంలో ఒక దాతృత్వ సంస్థ ఒంటరి ఆడవాళ్లకు గేదెలు ఇచ్చింది. పేరు చెప్పను, చెడ్డవాళ్లేం కారు. మానాపురం సంత ధరలు తెలిసిన మనిషిని వెంటబెట్టుకెళ్లి పాలిచ్చే గేదెల్నే కొన్నారు. చెవికి ట్యాగు వేయించి బీమా కూడా కట్టించారు. పంపిణీ రోజున షామియానా, మైకు, కొమ్ములకు పసుపు కుంకుమ. ఆ గేదె అందుకున్న ఒకావిడ రెండు నెలలు తిరక్కుండా నా దగ్గరికొచ్చి, "నాను కూలికెల్తే గేదెకి గడ్డెవులేస్తారు, గేదె కాడుంటే నాకు కూడెవులెడతారు?" అని అడిగింది.

ఆ ప్రశ్నలో లెక్కంతా ఉంది. రోజుకు ఆరు లీటర్ల పాలు, లీటరు యాభై రూపాయలు అనుకుందాం. మూడొందలు వచ్చినట్టు కాగితం మీద కనిపిస్తుంది. తవుడు, దాణా, ఎండుగడ్డి కొనుక్కోవాలి, ఎందుకంటే ఆవిడకు గట్టు మీద గడ్డి కోసుకునే హక్కు కూడా లేదు, సెంటు భూమి లేదు. ఆ మూడొందల్లో సగం మేతకే పోతుంది. గేదె దగ్గర కూర్చుంటే కూలి పోతుంది. పాలు ఏడాది పొడుగునా రావు. ఒట్టిపోయిన నెలల్లో పైసా రాదు, మేత మాత్రం తప్పదు. మళ్లీ ఈనేదాకా ఆగాలంటే చేతిలో నాలుగు నెలల ఖర్చుండాలి. ఆ నాలుగు నెలల ఖర్చు సంస్థ ఇచ్చిన కాగితంలో ఎక్కడా లేదు. బీమా రెండో ఏడాది ఎవరు కట్టాలో కూడా లేదు. ట్యాగు ఊడిపోతే క్లెయిము రాదని ఆవిడకు ఎవరూ చెప్పలేదు. చివరికి గేదెను అమ్మేసి పాత అప్పొకటి తీర్చుకుంది. నన్నడిగితే అది తెలివైన పనే. కానీ సంస్థ నివేదికలో ఆవిడ "విజయగాథ"గానే మిగిలిపోయింది, ఎందుకంటే వాళ్లు లెక్కపెట్టింది పంచిన గేదెల్ని. ఏడాది తరవాత ఎన్ని గేదెలు ఎవరి దొడ్లో ఉన్నాయో చూసుకోలేదు.

ఇందులోనే రెండు ప్రమాణాలున్నాయి. మొదటిది, సాయానికి వెల కట్టేటప్పుడు వస్తువు ధర ఒక్కటే రాస్తే కుదరదు. రెండేళ్లపాటు దాన్ని నిలబెట్టే ఖర్చు, దాని కోసం ఆ మనిషి వదులుకునే కూలి కూడా రాయాలి. రెండోది, పంచిన రోజు లెక్క సాయం లెక్క కాదు. ఏడాదికో లెక్క, మూడేళ్లకో లెక్క తీయాలి. ఇవి నా సొంత తెలివేమీ కాదు. దీన్ని గట్టిగా పరీక్షించినవాళ్లున్నారు.

బంగ్లాదేశ్‌లో బ్రాక్ సంస్థ 2002లో నిరుపేదల్లోకెల్లా నిరుపేదల కోసం ఒక పద్ధతి మొదలుపెట్టింది. ఆవో మేకలో ఏదో ఒక ఆస్తి ఇస్తారు. దాంతోపాటు అది ఆదాయమిచ్చేదాకా కొన్ని నెలలు తిండి ఖర్చు ఇస్తారు, ఇంటికొచ్చి మాట్లాడే మనిషిని పెడతారు, పొదుపు చేయిస్తారు, వైద్యం చూస్తారు. దాదాపు రెండేళ్లు ఇలా నడుస్తుంది. ఇదే పద్ధతిని ఇథియోపియా, ఘనా, హోండురస్, భారత్, పాకిస్తాన్, పెరూ దేశాల్లో పదివేల మందికి పైగా పేదల మీద పరిశీలించి అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో, వారి తోటివారు 2015లో ఫలితాలు ప్రకటించారు. సాయం ఆగిన ఏడాది తరవాత కూడా ఆ కుటుంబాల తిండి, ఆదాయం మొత్తం మీద మెరుగ్గానే ఉన్నాయి. హోండురస్‌లో మాత్రం ఇచ్చిన కోళ్లు రోగమొచ్చి చచ్చిపోయాయి, వాటితోపాటే ఆస్తీ పోయింది. ఆ మాట కూడా దాచకుండా రాశారు చూడండి, నాకు నచ్చింది అదే.

మనకు ఇంకా దగ్గరి ఉదాహరణ మెదక్ జిల్లాది. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో, ఇంచుమించు ఇలాంటి పథకాన్నే అక్కడి నిరుపేద ఆడవాళ్లకు అమలు చేశారు. ఆస్తి ఇచ్చారు, శిక్షణ ఇచ్చారు. ఆ కుటుంబాలు మునుపటికంటే మెరుగుపడ్డాయి కూడా. మామూలుగా అయితే అక్కడితో నివేదిక రాసి, శాలువాలు కప్పి ముగించేవారు. కానీ బౌచెట్, మోర్డాక్, శామిక రవి అనే ముగ్గురు ఆర్థికవేత్తలు సాయం అందని కుటుంబాలను కూడా పక్కనపెట్టి పోల్చారు. వాళ్లూ అంతే మెరుగుపడ్డారని తేలింది. ఆ ఏళ్లలో ఆ ప్రాంతంలో కూలిరేట్లు పెరిగాయి. సాయం అందినవాళ్లు పశువుల దగ్గర ఉండి కూలి తగ్గించుకున్నారు, అందనివాళ్లు కూలికెళ్లి అంతే సంపాదించుకున్నారు. చివరకు పథకం వల్ల నికరంగా ఒరిగిందేమీ కనిపించలేదు. 2015లో అచ్చయిన ఆ పరిశోధనను చదివినప్పుడు నాకు మా మండలంలో గేదెనమ్ముకున్న ఆవిడ అడిగిన మాటే గుర్తొచ్చింది. అంత చదువుకున్నవాళ్లు ఏళ్ల తరబడి లెక్కలు కట్టి తేల్చింది, ఆవిడ రెండు నెలల్లో చెప్పింది. ముందే అడిగి ఉంటే ఖర్చు కలిసొచ్చేది.

అందుకని పోలిక కూడా ఒక ప్రమాణం కావాలి. బంగారు కుటుంబం ఆదాయం రెండేళ్లలో పెరిగిందని చూపిస్తే చాలదు. దత్తతకు ఇంకా నోచుకోని పక్కింటి ఆదాయం కూడా అంతే పెరిగి ఉండొచ్చు. అలా పోల్చడం కోసం ఎవరికీ సాయం ఆపనక్కర్లేదు. 2025 ఉగాది నాడు పీ4 పథకం మొదలుపెట్టి, ఆ ఏడాది ఆగస్టు 15 నాటికి 15 లక్షల కుటుంబాలను దత్తత చేయించాలని లక్ష్యం పెట్టుకున్నారు. ఇన్ని లక్షల కుటుంబాలకూ ఒకే రోజున సాయం అందదు. ఆలస్యంగా అందేవాళ్ల వివరాలు మొదటి నుంచీ రాసిపెట్టుకుంటే పోలిక దానంతటదే వస్తుంది.

ప్రమాణాలు లేకపోతే ఏమవుతుందో మన రాష్ట్రం ఒకసారి కళ్లారా చూసింది. 2010కి ముందు మైక్రోఫైనాన్స్ కంపెనీలు పేదరిక నిర్మూలన పేరు మీదే ఊళ్లలోకి వచ్చాయి. ఆధార్లూ అవీ లేని రోజులు. ఒకే ఇంటికి మూడు నాలుగు కంపెనీలు అప్పులిచ్చేవి. వారం వారం వసూలు. వాళ్లు గొప్పగా చెప్పుకున్న అంకె ఒక్కటే, వసూళ్ల శాతం. నూటికి నూరు దగ్గర్లో ఉండేది. అది అప్పిచ్చినవాడి ఆరోగ్యాన్ని చెప్పే అంకె. అప్పు తీసుకున్న ఇంట్లో పొయ్యి వెలిగిందా అన్నది ఆ అంకెలో లేదు. పూచీ పడ్డ పొరుగింటి గేదెను అమ్మించి, పుస్తె తాకట్టు పెట్టించి తెచ్చిన డబ్బు కూడా అందులో మంచి మార్కుగానే పడేది. ఆత్మహత్యల వార్తలు వచ్చాక 2010 అక్టోబరులో ఆర్డినెన్సు తెచ్చారు. రిజిస్ట్రేషను ఉండాలన్నారు, వాయిదాలు పంచాయతీ ఆఫీసు లాంటి బహిరంగ స్థలంలోనే కట్టించుకోవాలన్నారు. తరవాత రిజర్వు బ్యాంకు వేసిన మాలేగాం కమిటీ వచ్చింది, ఆ బ్యాంకు నిబంధనలు వచ్చాయి. అన్నీ మంచివే. మనుషులు పోయాక వచ్చాయి.

విపత్తు సాయానికి మాత్రం ప్రపంచం కొంత ముందే కళ్లు తెరిచింది. అక్కడా దెబ్బ తిన్నాకే అనుకోండి. 1994లో రువాండా మారణకాండ తరవాత లక్షల మంది సరిహద్దు దాటి పక్క దేశంలోని గోమా శిబిరాల్లో పడ్డారు. ఎన్నో సంస్థలు వెళ్లాయి, ఎవరి పద్ధతి వారిది. కలరాతో వేల మంది పోయారు. ఆ అనుభవంతోనే 1997లో స్ఫియర్ ప్రమాణాల పని, అంటే విపత్తు సాయానికి కనీస కొలతలు రాసే పని, మొదలైంది. మనిషికి రోజుకు కనీసం 15 లీటర్ల నీళ్లు, 20 మందికి ఒక మరుగుదొడ్డి, తలదాచుకోవడానికి మనిషికి మూడున్నర చదరపు మీటర్లు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చి వెళ్లాక మా వైపు పనిచేయడానికొచ్చిన ఒక సంస్థ కుర్రాడి దగ్గర ఈ ప్రమాణాలు మొదటిసారి చూశాను. అతను బోరింగు దగ్గర నిలబడి బిందెలు లెక్కపెడుతుంటే మా వాళ్లంతా వింతగా చూశారు. మిగతావాళ్లు లారీల్లోంచి పాత బట్టలు విసురుతున్నారు, ఇతను బిందెలు లెక్కపెడుతున్నాడు. ఎవరి సాయం ఎక్కువ పనికొచ్చిందో చెప్పక్కర్లేదు.

తుపాను బాధితుడికి ఎన్ని లీటర్లో రాసి ఉంది. మరి తరాల తరబడి పేదగా ఉన్న మనిషికి ఎంతకాలం తోడుండాలో ఎక్కడా రాసి లేదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను శ్రీకాకుళం ఉద్దానాన్ని దెబ్బ తీసింది. కొబ్బరి, జీడితోటలు నేలకొరిగాయి. కొత్తగా వేసిన కొబ్బరి మొక్క కాపుకు రావాలంటే అయిదేళ్ల పైమాటే. బియ్యం, టార్పాలిన్లు ఇచ్చినవాళ్ల సాయం నెలల్లో ముగిసింది. తప్పు పట్టడం లేదు, వాళ్ల పని అంతవరకే. కానీ జీవనోపాధి నిలబెడతామని వచ్చినవాళ్లు మాత్రం చెట్టు ఎదిగే కాలాన్ని బట్టి తమ గడువు పెట్టుకోవాలి, ఆర్థిక సంవత్సరం ముగిసే మార్చి 31ని బట్టి పెట్టుకుంటే ఎలా?

మార్చి 31 అంటే గుర్తొచ్చింది. కంపెనీల చట్టం 135వ సెక్షను కింద, నికర విలువ, టర్నోవరు, లాభం, వీటిలో ఏదో ఒకటి ఫలానా స్థాయికి చేరిన కంపెనీలు మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత పనులకు ఖర్చు పెట్టాలి. 2014 నుంచి అమల్లో ఉంది. 2021లో నిబంధనలు సవరించి, ఏటా సగటున 10 కోట్లు, ఆపైన ఇలా ఖర్చు పెట్టాల్సిన కంపెనీలు కోటి రూపాయలు, ఆపైన ఖర్చయ్యే తమ ప్రాజెక్టులను బయటి సంస్థతో ప్రభావ అంచనా వేయించుకోవాలని పెట్టారు. మంచి నిబంధన. కానీ మా మండలానికి వచ్చేవి కోటి రూపాయల ప్రాజెక్టులు కావు. నాలుగు లక్షల కుట్టుమిషన్లు, ఆరు లక్షల కోడిపిల్లలు. ఇవి ఏ అంచనాకూ అందవు. ఫిబ్రవరి, మార్చి నెలల్లో హడావుడిగా వస్తాయి. ఒక వాడలో ఒకేసారి పాతిక మిషన్లు దించితే కుట్టడానికి అన్ని జాకెట్లు ఎక్కడి నుంచి వస్తాయని ఎవరూ అడగరు. ఏప్రిల్ ఎండల్లో కోడిపిల్లలిస్తే ఎన్ని బతుకుతాయో పెంచినవాళ్లను అడిగితే తెలుస్తుంది.

ఇక అడగడం గురించి. వెలుగు మొదట్లో మేం చేసిన మంచి పనుల్లో పేదల గుర్తింపు ఒకటి. వీధిలో ముగ్గుపిండితో ఊరి పటం గీసి, ఒక్కో ఇంటినీ ఎక్కడ పెట్టాలో ఊరివాళ్లతోనే చెప్పించేవాళ్లం. గొడవలయ్యేవి. ఫలానావాళ్లకు పెంకుటిల్లు ఉంటే మాత్రం పేదవాళ్లు కారా, కొడుకు వలసపోయి డబ్బు పంపడం లేదు కదా అని వాదించేవాళ్లు. ఆ వాదనలో బయటపడిన నిజాలు ఏ సర్వేలోనూ బయటపడవు. ఇప్పుడు సర్వేలు ఫోనులోనే అయిపోతున్నాయి. జాబితా ఫోనులో తయారైనా పర్వాలేదు, ఊళ్లో పదిమంది ముందు చదివి, అభ్యంతరం చెప్పడానికి వారం గడువిచ్చి ఆ తరవాతే ఖాయం చేయండి. దత్తతకు ముందు ఆ ఇంటిమనిషిని ఏం కావాలో అడగండి. చాలామంది గేదె అడగరు. పాత అప్పు వడ్డీ తగ్గించమంటారు, ముసలాయన మోకాలి ఆపరేషను చేయించమంటారు, ఆడపిల్ల హాస్టలు దూరమని బస్సు పాసు అడుగుతారు. అవి ఫొటోలో బాగుండవు. ఫొటో మాటెత్తాను కాబట్టి ఇది కూడా. చదువు ఖర్చు పెట్టినంత మాత్రాన ఆ పిల్ల చేతికి పెద్ద అట్టచెక్కు ఇచ్చి నిలబెట్టే హక్కు ఎవరికీ రాదు. మర్నాడు ఆ పిల్ల తరగతిలో తలెత్తుకుని కూర్చోవాలి. ఒప్పుకోలు లేకుండా ఫొటో తీయకూడదు, తీసినా ఊరిపేరు, ఇంటిపేరు వేయకూడదు. ఈ విషయంలో మీ పత్రికకు కూడా ఒక నియమం ఉంటే సంతోషిస్తాను.

ఫిర్యాదు గురించి మన రాష్ట్రంలో కొత్తగా కనిపెట్టాల్సింది ఏమీ లేదు. ఉపాధి హామీ పనులు అనంతపురం జిల్లా బండ్లపల్లిలో 2006 ఫిబ్రవరి 2న మొదలయ్యాయి. ఆ ఏడాదే మన రాష్ట్రంలో సామాజిక తనిఖీలూ మొదలయ్యాయి. 2009లో దానికి ప్రత్యేకంగా ఒక సొసైటీ పెట్టారు. చదువుకున్న కూలీల పిల్లలు మస్టర్లు, అంటే కూలీల హాజరు పట్టీలు, పట్టుకుని ఇంటింటికీ తిరిగి, నీకు ఇన్ని రోజుల కూలి పడిందని రాశారు, నిజమేనా అని అడిగేవారు. తరవాత మండల కేంద్రంలో ప్రజావేదిక. పని చేయించిన ఫీల్డు అసిస్టెంటు ఒకవైపు, కూలి మనిషి ఒకవైపు, మధ్యలో మైకు. దొరికిన సొమ్మంతా రికవరీ అయిందని నేను చెప్పను, అక్కడ లోపాలు చాలా ఉన్నాయి. కానీ ఒక సూత్రం మాత్రం నిలబడింది. పని చేయించినవాడు తన పనిని తానే తనిఖీ చేసుకోకూడదు. 2011లో కేంద్రం తెచ్చిన తనిఖీ నిబంధనల్లో కూడా ఆ మాట ఉంది. ప్రభుత్వం డబ్బుకు వర్తించే ఈ సూత్రం దాతల డబ్బుకు ఎందుకు వర్తించకూడదు?

ఇచ్చేవాళ్లను ఇన్ని అడిగితే ఎవరిస్తారమ్మా అని మా మండలంలోనే ఒక పెద్దాయన నాతో అన్నారు. దానమిచ్చిన ఆవుకు పళ్లు ఎంచకూడదని సామెత కూడా చెప్పారు. సంతలో పళ్లు చూడకుండా గొడ్డును కొన్న రైతును నేనింతవరకు చూడలేదు. దానంగా వచ్చినా మేపాల్సింది తీసుకున్నవాళ్లే కదా, మరి వాళ్లకు చూసుకునే హక్కు లేదా? పైగా నిజంగా మేలు చేయాలనుకున్న దాతలు అడిగితే పారిపోరు. హైదరాబాదులో ఉద్యోగం చేస్తూ మా ఊరి రెండు కుటుంబాలను చూసుకుంటున్న ఒకబ్బాయి, "ఏం చేయాలో తెలియక నెలకు రెండువేలు పంపుతున్నానత్తా, అది సరైన పనో కాదో చెప్పేవాళ్లు లేరు" అన్నాడు. అతనికి కొలత ఉంటే మేలే.

డబ్బే ఇవ్వనక్కర్లేదు, సలహా ఇచ్చినా చాలునని మార్గదర్శులకు చెబుతున్నారు. సలహా ఇవ్వడం మంచిదే. నెలకు ఎన్నిసార్లు మాట్లాడతారో, ఎప్పటివరకు మాట్లాడతారో రాసి ఇవ్వాలి. డబ్బు అయితే ఎంత, ఎన్ని విడతలు, చివరి విడత ఏ తేదీ అన్నది మొదటి రోజే ఆ ఇంటివాళ్ల చేతిలో కాగితం మీద ఉండాలి. ఆఖరి తేదీ తెలియకపోవడమంత అవమానం మరొకటి లేదు. వచ్చే నెల వస్తుందా రాదా అని ఫోను వైపు చూస్తూ కూర్చోబెట్టడం సాయం కిందికి రాదు. మధ్యలో మానేయాల్సి వస్తే మూడు నెలల ముందు చెప్పాలి. మా సంఘంలో సభ్యురాలు మానేస్తే లెక్క తేల్చి, తీర్మానం రాసి, సంతకం పెట్టి వెళుతుంది. మార్గదర్శి కూడా అలాగే వెళ్లాలి.

దీనికి కొత్త యాప్ అక్కర్లేదని నా మనవి. ప్రతి గ్రామ సమాఖ్యలో తీర్మానాల పుస్తకం ఉంది, రాయడానికి మనిషి ఉంది. సంఘాల గ్రేడింగు పట్టికకు పక్కనే సాయం చేసేవాళ్ల పట్టిక ఒకటి గీయండి. చెప్పిన తేదీకి చెప్పింది ఇచ్చారా, ఇంటివాళ్లను అడిగి ఇచ్చారా, నిలబెట్టే ఖర్చు కలిపి ఇచ్చారా, ఫిర్యాదుకు పదిహేను రోజుల్లో బదులు వచ్చిందా, ఏడాది తరవాత వచ్చి చూశారా. మార్కులు వేసేది ఆ కుటుంబం. వేసేటప్పుడు దాత గానీ, దాత తరఫు మనిషి గానీ, అధికారి గానీ అక్కడ ఉండకూడదు, లేకపోతే అందరికీ ఎ గ్రేడే పడుతుంది. మేం సంఘాల గ్రేడింగులో అది చాలాసార్లు చూశాం. ఆరు నెలలకోసారి మండల సమాఖ్య సమావేశంలో ఆ పట్టిక చదవాలి. ప్రభుత్వ శాఖల పేర్లు కూడా అందులో ఉండాలి, దాతలవి మాత్రమే ఉంటే అన్యాయం.

కలెక్టరు గారి కార్యాలయంలో ఎవరైనా ఈ ఉత్తరం చూసి మా జిల్లాలో ఒక్క మండలంలో ప్రయత్నిద్దామనుకుంటే, పట్టిక నమూనా గీసివ్వడానికి నేనూ, నాతో పనిచేసిన పాత బుక్‌కీపర్లు కొందరూ సిద్ధం. టీఏ, డీఏలు అడగం. మధ్యాహ్నం భోజనం మాత్రం పెట్టించండి, ఎందుకంటే పుస్తకాల పని ఒక పూటలో తెమలదు.

ఇట్లు,
గ్రామ సమాఖ్య మాజీ బుక్‌కీపర్,
విజయనగరం జిల్లా
(పేరు, ఊరు ప్రచురించవద్దని మనవి)